మేడంగారి కుడిచెయ్యి

కోడలు ఆరిన గుడ్డలు మంచం మీద పోసుకుని మడతపెడుతోంది. ముందుగదిలో మామయ్య అరటిపండు కోస్తున్నాడు. చాకు పళ్లేనికి తగిలే చప్పుడును బట్టే ముక్కలన్నీ ఒకే మందాన పడుతున్నాయని ఆమెకు తెలిసిపోతోంది. కోసినవాటిని ఆయన పళ్లెం అంచు వెంట గుండ్రంగా పేరుస్తాడు. మధ్యలో ఉడికించిన బంగాళాదుంప ముద్ద పెడతాడు. పక్కన నీళ్ల కప్పు, దాని పిడి తాగేవాళ్ల వైపు తిప్పి మరీ పెడతాడు.

“మీ మనవరాలు బిల్లు కట్టదు, టిప్పు అసలే ఇవ్వదు. ఆ సింగారాలు ఎవరికండీ?” అంది అత్తయ్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

“నీ పని నువ్వు చూసుకో. నేను కస్టమరుతో మాట్లాడుతున్నాను,” అని ఆయన పిల్ల వైపు వంగాడు. “మేడంగారూ, ముందు ఏది తెమ్మంటారు? పండా, దుంపా?”

మేడంగారికి రెండో ఏడు నడుస్తోంది. గోడవారగా, అటూ ఇటూ దిండ్ల దన్నుతో, ముందు చిన్న పీట వేసుకుని దర్జాగా కూర్చుంది. అరటిముక్క వైపు ఒక్కసారి కళ్లు తిప్పింది. అంతే, ముక్క నోట్లో ఉంది.

మామయ్య పనిచేసినంతకాలం హోటల్లో సర్వరు. కూర్చున్నవాళ్లు గొంతెత్తి పిలిచారంటే సర్వరుకి అంతకన్నా నామర్దా లేదనేవాడు. మనిషి కళ్లు ఉప్పు కోసం వెతకడం మొదలుపెట్టేసరికి ఉప్పుసీసా ఆ మనిషి చేతికి తగలాలి. ఉద్యోగం మానేశాక ఆ కళ్లకి పని లేక కొన్నాళ్లు దిగులుపడ్డాడు. ఇంట్లో ఎవరికి పొలమారినా చెంబుతో ప్రత్యక్షమయ్యేవాడు. “అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయనగారు దగ్గకముందే నీళ్లు పట్టుకొస్తాడు. ఈ ఇంట్లో దగ్గుకి కూడా స్వతంత్రం లేదు,” అని అత్తయ్య విసుక్కునేది. మనవరాలు పుట్టాక ఆయన కళ్లకీ చేతులకీ సరిపోయినంత పని దొరికింది.

పిల్ల పుట్టినప్పుడు ఏడవలేదు. కాన్పు కష్టమై, ఆఖర్న లోపల గుండె చప్పుడు నెమ్మదించింది. బయటికి తీసేసరికి ఒళ్లంతా నేరేడుపండు రంగు. కోడలికి ఆ గదిలో గుర్తున్నదల్లా ఒక నర్సు వీపు. ఆవిడ బల్ల మీదికి వంగి, పిల్ల ముఖానికి చిన్న మూత ఆనించి, రబ్బరు సంచి నొక్కుతూనే ఉంది. ఆ వీపు అలా కదులుతున్నంతసేపూ ఇంకా ఆశ ఉన్నట్టే అనుకుని కోడలు దాన్నే చూస్తూ పడుకుంది. చాలాసేపటికి పిల్లికూన మూలిగినట్టు ఒక చిన్న చప్పుడు వినిపించింది. నర్సు ముఖం ఆమె చూడనేలేదు. చూసి ఉంటే ఆ ఒక్క మనిషికి దణ్ణం పెట్టుకునేది. చూడలేదు కాబట్టి, ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా అటు తిరిగి నిలబడ్డ ప్రతి నర్సుకీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటుంది.

పుట్టే వేళకు మెదడుకి ప్రాణవాయువు అందలేదని డాక్టరు చెప్పింది. దెబ్బ ఇంకా లోపలికి పాకకుండా ఒళ్లు చల్లబరచాలని మూడు రోజులు చల్లటి పరుపు మీద ఉంచారు. ఒంటి మీద నూలుపోగు లేదు. అత్తయ్య అద్దంలోంచి చూసి, “లోకానికంతా బట్టలు కుట్టాను, నా మనవరాలికి ఒక పేలిక కప్పనివ్వరేమే” అని కుమిలిపోయింది. మామయ్య ఒక్కచోట కూర్చోలేకపోయాడు. వరండాలో ఉన్నవాళ్లందరికీ టీలు అందిస్తూ తిరిగాడు. తెలిసినవాళ్లకీ, తెలియనివాళ్లకీ, నేల తుడిచే మనిషికీ కూడా. గేటు దగ్గర కాపలా మనిషి ఆయన్ని క్యాంటీనువాడే అనుకుని, చక్కెర చాల్లేదని కసిరాడు. “మార్చి తెస్తాను సార్” అని మామయ్య వెళ్లి నిజంగానే మార్చి తెచ్చాడు.

ప్రాణం నిలిచింది. కానీ పిల్లకి పాలు లాగడం రాలేదు. ముక్కులోంచి గొట్టం వేసి ఇంటికి పంపారు. గొట్టం తీశాక, గొంతులో పోసింది ఎటు పోతుందోనని కోడలు చెంచా ఎత్తి మళ్లీ దించేసేది. అప్పుడు పిల్లని ఒళ్లోకి తీసుకున్నది మామయ్య. చెంచా అంచున ఒక చుక్క. గుటక పడేదాకా ఎదురుచూపు. మళ్లీ ఒక చుక్క. “తొందరేం లేదు మేడం. మీరు లేచాకే హోటలు మూస్తాం” అనేవాడు. పిల్లకి మేడం అన్న పేరు అప్పుడే పడింది. ఈ రోజు దాని బుగ్గల్లో ఉన్న కండంతా ఆయన చుక్కచుక్కగా పోసిందే. కోడలు ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. ఆయన కాళ్లకి అడ్డంగా ఉన్న చెప్పులు సర్దేటప్పుడో, ఆయన చొక్కా ఉతికేటప్పుడో మనసులో అనుకునేది.

ఇప్పుడు పిల్ల నవ్వుతుంది, కూతలు కూస్తుంది, అత్తయ్య దారపు ఉండలు లాగి తిట్లు తింటుంది. కుడిచెయ్యి ఒక్కటే ఇంకా పుట్టినట్టు లేదు. బొటనవేలిని లోపల దాచుకుని, పిడికిలి బిగించి, ఒంటికి అంటుకుని ఉంటుంది.

వ్యాయామాలు చేయించడానికి వారానికోసారి వచ్చే ఫిజియో అమ్మాయి ఆ చెయ్యి నిమురుతూ చెప్పింది. “ఎడమచేతికి రోజూ కాసేపు తొడుగు వేయండి. అది మూతపడితే కుడిదానికి పని తప్పదు. ఈ వయసులో మెదడు కొత్త దారులు వేసుకుంటుంది. నడిచినచోటే కదా దారి పడేది? ఇప్పుడు వాడకపోతే, అక్కడొక చెయ్యి ఉందన్న సంగతే మరిచిపోతుంది. తర్వాత మనం ఎంత మొత్తుకున్నా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.”

ఆ సాయంత్రమే అత్తయ్య తొడుగు కుట్టేసింది. మెత్తటి గుడ్డ, లోపల అస్తరు, మణికట్టు దగ్గర సన్నటి ఎలాస్టిక్, బొటనవేలికి వేరే గది. పిల్ల చేతికి చర్మంలా అతికింది. తొడిగిన మరుక్షణం పిల్ల అదే చేత్తో బిస్కెట్ తీసుకుని కరకరలాడించింది.

మళ్లీ వచ్చినప్పుడు ఫిజియో అమ్మాయి చూసి పడీపడీ నవ్వింది. “ఎంత బాగా కుట్టారమ్మా! ఇది వేసుకుంటే నేను సూదిలో దారం కూడా ఎక్కించగలను.”

“మరి? చేతికి సరిపోవద్దూ?” అత్తయ్య మొహం చిన్నబోయింది.

“సరిపోకూడదమ్మా. నాకు పనికిరాని తొడుగు కావాలి.”

“ఇన్నాళ్లూ మెడ సరిగా రాలేదని, చంక పట్టేసిందని గొడవపడ్డవాళ్లే గానీ, పనికిరానిది కుట్టమని అడిగినదానివి నువ్వొక్కదానివేనే పిల్లా.”

అత్తయ్యకి ఆ పని సులువుగా కాలేదు. కత్తెర వంకరగా పోనిస్తే చెయ్యి దానంతటదే తిన్నగా తిప్పేది. వదులుగా కుట్టబోయి మూతి దగ్గర అందంగా కుచ్చులు పెట్టింది. విప్పింది. మళ్లీ కుట్టింది. “కాజాలు కూడా పెట్టకపోయావా?” అన్నాడు మామయ్య. చివరికి పాత దుప్పటి ముక్కతో దిండుకి తమ్ముడిలాంటి సంచి ఒకటి తయారైంది. “ఇది నేను కుట్టానని ఎవరితోనూ అనకండి” అని షరతు పెట్టి కోడలి చేతిలో పెట్టింది.

అత్తయ్య పొరపాటు కత్తెరతో సర్దుకుంది. మామయ్యది కత్తెరకి లొంగేది కాదు.

పిల్ల ఎడమచేతికి సంచి కట్టి, పళ్లెం కుడివైపు పెడితే, అది పళ్లేన్ని చూసేది, తర్వాత తాతని చూసేది. ఆయన చెయ్యి లేచిపోయేది. మీరు అందించొద్దని ఫిజియో అమ్మాయి చెప్పాక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి మోకాలు నెమ్మదిగా జరిగి, పీటని పిల్ల వైపు నెట్టింది.

“ఏమండీ!”

“తిమ్మిరెక్కిందే. కావాలని చేశానా?”

“తిమ్మిరి సరిగ్గా పీట దగ్గరికే వెళ్లిందా?”

ఇంకోరోజు పిల్ల నోరు తెరిస్తే ఆయన నోరు తెరుచుకుంది, ఆయన నోరు తెరుచుకుంటే చెయ్యి కూడా దాని వెంట లేచింది. ఫిజియో అమ్మాయి తల ఊపింది. “పాప బద్ధకస్తురాలు కాదు అంకుల్, తెలివైనది. మీలాంటి సర్వరు ఎదురుగా ఉంటే నేను కూడా వేలు కదపను.” మామయ్య అది మెచ్చుకోలు అనుకుని సంబరపడ్డాడు.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన బాగుకిచ్చిన కళ్లజోడు తెచ్చుకోవడానికి వెళ్లాడు. అత్తయ్య మిషను మీద ఎవరిదో చొక్కా కాలరు తిప్పుతోంది. కోడలు పిల్ల ముందు పళ్లెం పెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరుగెత్తింది. తిరిగి గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

పిల్ల వాకిలి వైపు చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు. నానమ్మ వీపు వైపు చూసి ఒక కూత పెట్టింది. మిషను చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. సంచి కట్టిన ఎడమచేత్తో పళ్లెం మీద ఒక్కటి వేసింది. ముక్క జారి ఇంకాస్త దూరం పోయింది. అప్పుడు కుడి భుజం కదిలింది. భుజం వెంట మోచెయ్యి. పిడికిలి రాయిలా పీట మీద ఈడ్చుకుంటూ వెళ్లి, పళ్లెం అంచుకి తగిలి ఆగింది. పిల్ల దానివైపు తనది కాని వస్తువును చూసినట్టు చూసింది. వేళ్లు విచ్చుకున్నాయి. అన్నీ కాదు, చిటికెన వేలూ దాని పక్కదీ ముందు, తర్వాత మిగతావి. అరచెయ్యి ముక్క మీద పడింది. పండు నలిగింది. నలిగినదాన్నే నోటికి ఈడ్చుకుంది. సగం చెంపకి పోయింది, సగం నోట్లోకి.

కోడలు కేక పెట్టలేదు. కేక పెడితే ఆ చెయ్యి ఎక్కడ బెదిరి ముడుచుకుంటుందోనని భయం. తడిచేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మరిచి అలాగే నిలబడింది. తర్వాత వెళ్లి ఆ చెయ్యి కడిగింది. ఆ అరచేతి గీతలు ఇంతవరకూ చెమట తప్ప ఏమీ ఎరగవు. ఇవాళ గీతలనిండా అరటిపండు. కడగాలంటే మనసొప్పలేదు. కాసేపు చూసుకుని కడిగింది.

మామయ్య తిరిగొచ్చాక, సాయంత్రం తినేటప్పుడు పిడికిలి మళ్లీ మూతపడింది. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు విచ్చుకుంది. తల తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చోగానే పిల్ల చెయ్యి ఒడిలో పెట్టుకుని, నోరు తెరిచి, ఆయన వైపు చూసింది. ఇక అనుమానం లేదు.

కోడలికి కక్కలేక మింగలేక ఉంది. లారీ మీద ఊళ్లు తిరిగే భర్తకి ఫోన్లో చెప్పింది. “నాన్న నీ మాటైతే వింటాడు, నువ్వే చెప్పు” అని ఆయన చల్లగా తప్పుకున్నాడు. అత్తయ్యతో చెప్పింది.

“దీనికింత ఆలోచనా? నేను చెప్తా ఉండు. ‘మీరు కాస్త బయటికి పోండి, పిల్ల బాగుపడుతుంది’ అంటే సరి.”

“అయ్యో, వద్దత్తయ్యా. పొమ్మనలేక పొగబెట్టినట్టుంటుంది.”

“పొగ ఎక్కడ? నేను పొమ్మనే అంటున్నాగా?”

“ఆయన లేకపోతే ఇది ఈ పాటికి…” అంటూ కోడలు పిల్ల వైపు చూసింది. “ఏ నోటితో చెప్పను?”

అత్తయ్య మిషను ఆపింది. కోడలి వైపు తిరిగింది. “నేను చెప్తే పోట్లాట అవుతుంది, నువ్వు చెప్తే ఏడుపవుతుంది. ఏడుపే నయంలే. పోట్లాటైతే ఆయన గెలవాలని చూస్తాడు. నువ్వే చెప్పు. వచ్చే వారం ఆ ఫిజియో అమ్మాయి వచ్చేదాకా ఆగకు. దారులూ గీరులూ అంది కదా ఆ పిల్ల, అవి మన మొహమాటం కోసం ఆగుతాయా?”

మర్నాడు పొద్దున మామయ్య గ్లాసులు వెలుగులోకి ఎత్తి చూసి తుడుస్తున్నాడు. కోడలు పక్కన నిలబడి, ఆయన తుడిచినవి అలమరలో పెడుతూ అంది. “మామయ్యా, మీరు కళ్లజోడు కోసం వెళ్లిన రోజు… పిల్ల కుడిచెయ్యి తెరిచింది. తనే తీసుకుని తింది.”

గ్లాసు ఆయన చేతిలో ఆగిపోయింది. “ఏ చెయ్యి?”

“కుడిదే.”

“కుడిదే! ఇన్నాళ్లకి కుడిచెయ్యి తెరిచిందా! ఇదిగో, విన్నావా? మేడంగారు చెయ్యి తెరిచారట! ఇంత మాట ఇన్ని రోజులు కడుపులో ఎలా దాచుకున్నావమ్మాయ్?” అని గ్లాసు అక్కడే వదిలి పరుగున వెళ్లి పళ్లెం సిద్ధం చేసుకొచ్చాడు. పిల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. “కానివ్వండి మేడం. నేనొక్కడినేనా చూడనిది? ఏదీ, ఒక్కసారి.”

పిల్ల తాతని చూసి నవ్వింది. నోరు తెరిచింది. కుడిచెయ్యి బొటనవేలిని దాచుకుని ఒడిలో ఉంది.

ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఈసారి మోకాలు కూడా కదల్లేదు. పిల్ల నోరు మూసి, తెరిచి, చిరాకుగా మూలిగింది. తాతనే చూస్తోంది. ఆయన ఎదురుచూశాడు. జీవితమంతా మనుషుల కళ్లు చదివిన మనిషి, ఈ కళ్లు ఎవరిని అడుగుతున్నాయో చదువుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన ముఖంలో సంబరం మెల్లగా తగ్గడం కోడలు చూసింది. తల తిప్పుకోవాలనిపించినా తిప్పుకోలేదు.

“నేను లేనప్పుడేనా?” అన్నాడు.

కోడలు “ఊఁ” అంది. దాని తర్వాత చెప్పాలని రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. గొట్టం తీసిన రోజు, చెంచా, ఒక్కో గుటక, అన్నీ. కళ్లు నిండాయి.

“మేడంగారు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారన్నమాట.”

“తీసెయ్యలేదు. సెలవిచ్చారు,” అంది అత్తయ్య. ఆ మాటలో ఎప్పటి పదును లేదు. లేచొచ్చి, ఆయన మధ్యలో వదిలేసిన గ్లాసు తనే తుడిచి లోపల పెట్టింది.

ఆయన ముక్క తీసి పిల్ల నోట్లో పెట్టాడు. ఎవరూ వద్దనలేదు.

ఆ రోజంతా ఆయన మేడం అన్న పిలుపు ఎత్తలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కోడలు ఇక ఉండబట్టలేక అత్తయ్య దగ్గర చేరింది. “మామయ్య మనసు నొచ్చుకున్నట్టుంది.”

“నొచ్చుకుంటే అన్నం మానేస్తాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు, చూళ్లేదూ? అది ఆలోచన. ఆయన ఆలోచించడం నువ్వు చూడటం ఇదే మొదటిసారి కాబట్టి భయపడుతున్నావు.”

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు అత్తమామల గురించి పుట్టింటివాళ్లు ఎన్ని భయాలు చెప్పి పంపారో తలుచుకుంది. ఒకరు తన చేతికి అలవాటైన తిన్నటి కుట్టు మానుకుని వంకర సంచి కుట్టారు. ఇంకొకరిని ఏం మానుకోమని అడిగిందో, అదెంత పెద్దదో ఆమెకు తెలుసు.

తెల్లవారాక మామయ్య అందరికన్నా ముందు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. బ్రెడ్డు తీసి పొడుగు పొడుగు కడ్డీల్లా కోశాడు. ఒకటి తన పిడికిట్లో పట్టి చూసుకున్నాడు, మరీ లావుగా ఉందనిపించి మళ్లీ చీల్చాడు. ముందుగదిలో పిల్లని కూర్చోబెట్టి, కుడివైపు దిండు కొంచెం వెనక్కి జరిపాడు, మోచెయ్యి ఆడటానికి చోటు ఉండేలా. ఇన్నాళ్లూ తొడుగు కట్టే పని వస్తే మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఇవాళ తనే సంచి తెచ్చి ఎడమచేతికి కట్టాడు. ముడి వదులుగా ఉందేమోనని వేలు పెట్టి చూశాడు. తర్వాత పళ్లెం తెచ్చి పీట మీద పెట్టాడు. కాస్త దూరంగా జరిపాడు. చూసి, ఇంకా కొంచెం జరిపాడు.

వంటింటి గడపలో కోడలు, మిషను ముందు అత్తయ్య. మిషను ఆగి ఉంది.

పిల్ల బ్రెడ్డును చూసింది. తల ఎత్తి తాతని చూసి, నోరు తెరిచింది.

“మామయ్యా” అనబోయింది కోడలు. ఆయన ఆమె వైపు చూడలేదు. పిల్ల కళ్లలోకి ఒక్క క్షణం చూసి, చప్పుడు కాకుండా చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. గడప దాటి తలుపు మెల్లగా దగ్గరికి లాగి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.